ప్రకృతి వరణం – జంతు ప్రవర్తన: బూర్గంపాడు, భద్రాచలం అటవీ ప్రాంతం

నిర్వచనం

ఒక జీవజాతిలోని ప్రాణుల మధ్య ఉండే తేడాలలో కొన్ని తల్లిదండ్రుల నుంచి పిల్లలకు సంక్రమిస్తాయి. వాటిలో బతకడానికి, సంతానాన్ని పెంచుకోవడానికి తోడ్పడేవి తరతరానికీ ఎక్కువవుతాయి, తోడ్పడనివి తగ్గిపోతాయి. ఈ ప్రక్రియే ప్రకృతి వరణం. దంతం, ఈక, రంగు వంటి శరీర లక్షణాలతో పాటు ప్రవర్తన కూడా దీనికి లోబడుతుంది. ఎప్పుడు పారిపోవాలి, ఎక్కడ గూడు కట్టాలి, ఎవరితో జతకట్టాలి, ఎవరి పిల్లలను సాకాలి అనే వాటికి జంతువు నాడీవ్యవస్థలోనూ హార్మోన్లలోనూ ఆధారం ఉంది. ఆ ఆధారంలో కొంత జన్యువుల నుంచి వస్తుంది కాబట్టి ప్రవర్తన కూడా జీవ పరిణామంలో భాగమవుతుంది.

ప్రకృతి వరణానికి ముందుచూపు లేదు. గడిచిన తరాలు ఎదుర్కొన్న పరిస్థితులకు సరిపడిన ప్రవర్తనే ఈనాటి జంతువులో కనిపిస్తుంది. పరిస్థితి హఠాత్తుగా మారినప్పుడు అదే ప్రవర్తన దానికి చేటు చేయవచ్చు. అటవీ అంచు గ్రామాలలో మనుషులకూ జంతువులకూ మధ్య వచ్చే ఘర్షణలలో చాలావాటిని ఈ కోణం లేకుండా అర్థం చేసుకోలేం.

ప్రాంతం

బూర్గంపాడు తెలంగాణలోని భద్రాద్రి కొత్తగూడెం జిల్లాలో గోదావరి కుడిగట్టున ఉంది. ఎడమగట్టున భద్రాచలం. కిన్నెరసాని నది బూర్గంపాడు సమీపంలో గోదావరిలో కలుస్తుంది. ఎగువన పాల్వంచ వైపు సుమారు 635 చదరపు కిలోమీటర్ల కిన్నెరసాని అభయారణ్యం ఉంది. దాన్ని 1977లో ప్రకటించారు. దిగువన ఆంధ్రప్రదేశ్‌లో పాపికొండల జాతీయ ఉద్యానం 2008లో ఏర్పడింది. టేకు, మద్ది, ఇప్ప, తునికి, వెదురు పెరిగే ఈ ఆకురాల్చే అడవుల్లో చుక్కల దుప్పి, కణుజు (సాంబార్ దుప్పి), కొండగొర్రె, అడవిదున్న, అడవిపంది, ఎలుగుబంటి, చిరుతపులి, రేసుకుక్క, కొండముచ్చు ఉన్నాయి. కిన్నెరసాని జలాశయంలో మొసళ్ళు ఉన్నాయి.

ఇక్కడి జంతువుల జీవితాన్ని రెండు రుతువులు శాసిస్తాయి. మొదటిది ఆకు రాలి, నీరు ఇంకి, ఇప్పపువ్వు, తునికిపండ్ల వంటివి తప్ప మరో మేత అరుదైపోయే ఎండాకాలం. రెండోది గోదావరి పొంగే వానాకాలం. భద్రాచలం వద్ద నది 1986 ఆగస్టులో 75.6 అడుగులకు, 2022 జూలైలో 71.3 అడుగులకు చేరింది. నది ఇసుక తిన్నెలపై గుడ్లు పెట్టే పక్షులు మార్చి నుంచి మే లోపల పిల్లలను లేపుకుంటాయి. ఆలస్యంగా గుడ్లు పెట్టిన జంటల సంతానం వరద పాలవుతుంది. గూడు కట్టే కాలాన్ని ఇంత కఠినంగా నిర్ణయించే ఒత్తిడి వేరే ఏదీ ఇక్కడ కనిపించదు.

భావన చరిత్ర

చార్లెస్ డార్విన్ 1859లో వెలువరించిన 'జాతుల పుట్టుక'లో ఒక అధ్యాయాన్ని పూర్తిగా సహజాత ప్రవృత్తికి కేటాయించాడు. నేర్పకుండానే తేనెటీగ గదులు కట్టడం, కోకిల జాతి పక్షులు పరుల గూట్లో గుడ్లు పెట్టడం తన సిద్ధాంతానికి గట్టి పరీక్షలని ఆయనకు తెలుసు. లైంగిక వరణాన్ని 1871లోనూ, భావ ప్రకటనను 1872లోనూ విడి గ్రంథాలలో చర్చించాడు.

ఇరవయ్యో శతాబ్దంలో కార్ల్ ఫన్ ఫ్రిష్, కొన్రాడ్ లోరెంజ్, నికో టిన్‌బెర్గెన్ ప్రవర్తనా శాస్త్రానికి పునాది వేశారు. ముగ్గురికీ 1973లో నోబెల్ బహుమతి దక్కింది. ఏ ప్రవర్తనకైనా నాలుగు ప్రశ్నలు వేయాలని టిన్‌బెర్గెన్ 1963లో సూచించాడు: దాన్ని తక్షణం కలిగించే కారణమేమిటి, ప్రాణి ఎదుగుదలలో అది ఎలా రూపొందుతుంది, దాని వల్ల బతుకుకు ఏమి ప్రయోజనం, వంశచరిత్రలో అది ఎలా వచ్చింది. ఈ నాలుగింటిని కలిపేస్తే వాదన గందరగోళమవుతుంది. కొండముచ్చు తోక గురించి కింద వచ్చే చర్చ అందుకు మంచి ఉదాహరణ.

సొంత సంతానం లేని ప్రాణి ఇతరులకు సాయపడటం ఎలా సాధ్యమో డబ్ల్యూ. డి. హామిల్టన్ 1964లో గణితంతో చూపాడు (బంధు వరణం). పోరాటాలు చాలావరకు బెదిరింపులతోనే ఎందుకు ముగుస్తాయో జాన్ మేనార్డ్ స్మిత్, జార్జ్ ప్రైస్ 1973లో ఆట సిద్ధాంతంతో వివరించారు.

ఈ చరిత్రలో ఒక తెలుగు శాస్త్రవేత్తకు స్థానం ఉంది. పిఠాపురంలో పుట్టిన ద్రోణంరాజు కృష్ణారావు, 1957లో భారతదేశానికి వచ్చి స్థిరపడిన జె. బి. ఎస్. హాల్డేన్‌కు కలకత్తాలోని భారతీయ గణాంక సంస్థలో శిష్యుడయ్యాడు. లాంటానా పూల రంగులలో ఒక్కో సీతాకోకచిలుక జాతి ఒక్కో రంగును ఎంచుకుంటోందని గమనించి, 1960లో 'నేచర్' పత్రికలో ప్రచురించాడు. కీటకం ఎంపిక ఇలాగే కొనసాగితే ఒకే చోట ఉన్న మొక్కలు రెండు జాతులుగా విడిపోవచ్చని ఆయన వాదం. ఒక ప్రాణి ప్రవర్తన మరో ప్రాణి పరిణామానికి కారణం కావచ్చన్న ఆలోచనను ప్రతి ఊరి చేను గట్టున కనిపించే పూల మీద పరీక్షించడం ఈ పని విశేషం.

పనితీరు

ప్రవర్తనపై వరణం పనిచేయాలంటే మూడు షరతులు తీరాలి: ఒకే జాతి ప్రాణుల ప్రవర్తనలో తేడా ఉండాలి, ఆ తేడాలో కొంతైనా ఆనువంశికం కావాలి, దాని వల్ల సంతాన సంఖ్యలో తేడా రావాలి. ఏ ఒక్కటి లేకపోయినా మార్పు జరగదు.

అడవిలో ఈ మార్పు కళ్ళముందే జరిగిన సందర్భాలు కొద్ది. హవాయిలోని కవాయి దీవిలో మగ కీచురాళ్ళు ఆడవాటిని రెక్కల చప్పుడుతో పిలిచేవి. ఆ చప్పుడును ఆనవాలుగా పట్టుకుని ఒక పరాన్నజీవి ఈగ వాటిపై పిల్లపురుగులను వదిలేది. అవి కీచురాయిని లోపలి నుంచి తినేసేవి. రెక్కల నిర్మాణాన్ని మార్చే ఒక ఉత్పరివర్తనం వల్ల మూగవైన మగవి ఈ గండం తప్పించుకున్నాయి. సుమారు 20 తరాల లోపే అక్కడి మగ కీచురాళ్ళలో అత్యధికం మూగబోయాయని మార్లీన్ జుక్ బృందం 2006లో వెల్లడించింది. మూగ మగవి ఇంకా పాడగలిగే కొద్ది వాటి దగ్గర చేరి, అటుగా వచ్చే ఆడవాటితో జతకడతాయి.

ప్రవర్తన అంతా పుట్టుకతో రాదు. నేర్చుకునే శక్తి కూడా వరణ ఫలమే. పాఠ్యపుస్తకాలలో సహజాత ప్రవృత్తి, అనుసరణ, నిబంధన, అనుకరణ అని విడదీసి చెప్పేవి అడవిలో ఒకదానితో ఒకటి అల్లుకుని ఉంటాయి. ముదుమలై అడవుల కోతులకు చిరుతపులి బొమ్మ చూపి ఉమా రామకృష్ణన్, రిచర్డ్ కాస్ జరిపిన ప్రయోగాలు ఈ సంగతిని తేల్చాయి. చుక్కల చర్మం చూడగానే కోతులు చెట్టెక్కాయి. నల్లచిరుత బొమ్మకు అంత తీవ్రంగా స్పందించలేదు. భయానికి పుట్టుకతో వచ్చే బీజం ఉందనడానికి ఇది ఆధారం. ఎప్పుడు, ఎంత భయపడాలో మాత్రం పెద్దవాటిని చూసి నేర్చుకోవాలి.

ప్రధాన రూపాలు

*ఆహార సేకరణ.* ఎలుగుబంటికి పై దవడలో మధ్యనున్న రెండు ముందు పళ్ళు ఉండవు. పెదవులను గొట్టంలా సాచి, ముక్కురంధ్రాలు మూసుకుని, ఆ ఖాళీ గుండా చెదలను పీల్చుకుంటుంది. గోళ్ళతో పుట్ట తవ్వడం, ఊది మట్టి చెదరగొట్టడం, పీల్చడం అనే క్రమమంతా శరీరమూ ప్రవర్తనా కలిసి పరిణమించిన తీరును చూపుతుంది. వేసవిలో అది ఇప్పపువ్వు, తునికిపండ్ల వైపు మళ్ళుతుంది. ఇప్పపువ్వు రాత్రి, తెల్లవారుజామున రాలుతుంది కాబట్టి ఎలుగు తిరిగే వేళ కూడా అదే.

తొలకరి పడగానే ఉసిళ్ళు ఒక్కసారిగా లేవడం ఇందుకు మరోవైపు. వేలకు వేలు ఒకే సాయంత్రం ఎగిరితే పక్షులు, తొండలు, కప్పలు తినగలిగినన్ని తిన్నా చాలా మిగులుతాయి. వేరే రోజు ఒంటరిగా ఎగిరినది బతికే అవకాశం తక్కువ, జత దొరికే అవకాశం ఇంకా తక్కువ.

*ప్రాణరక్షణ.* చుక్కల దుప్పి మంద కొండముచ్చులున్న చెట్ల కింద మేయడం ఈ అడవుల్లో తరచూ కనిపించే దృశ్యం. మధ్యప్రదేశ్‌లోని కాన్హాలో పాల్ న్యూటన్ 1980లలో దీన్ని అధ్యయనం చేశాడు. కొండముచ్చులు తుంచి పారేసే ఆకులు, కాయలు దుప్పులకు మేతవుతాయి. చెట్టుపైనున్న కొండముచ్చు దూరం నుంచి పులిని చూస్తుంది, కిందనున్న దుప్పి వాసన పసిగడుతుంది. ఒకదాని హెచ్చరిక కూతకు రెండోది స్పందిస్తుంది. ఇందులో ఉదారత్వం వెతకనక్కర్లేదు. ఎవరి మేలు వారు చూసుకుంటూనే పరస్పరం లాభపడుతున్నారు.

తీతువు గూడు కట్టదు. ఇసుకలోనో గులకరాళ్ళలోనో గుడ్లు పెడుతుంది. వాటి మచ్చలు నేలలో కలిసిపోతాయి. కుక్కో మనిషో దగ్గరికి వస్తే కేకలు వేస్తూ వేరే దిక్కుకు దృష్టి మళ్ళిస్తుంది. మండుటెండలో పొట్ట ఈకలను నీటిలో తడిపి వచ్చి గుడ్లను చల్లబరుస్తుంది. హాల్డేన్ బృందంలోని సురేశ్ జయకర్, హెలెన్ స్పర్వే 1960లలో పసుపు తీతువుపై చేసిన పరిశీలనలు ఎండాకాలంలో నేలపై గుడ్లు పెట్టే పక్షుల గురించి భారతదేశంలో జరిగిన తొలి వివరమైన అధ్యయనాలలో ఉన్నాయి.

పాకే ఎర్రచీమలు ఆకులు కుట్టి గూళ్ళు కడతాయి. వాటిని పోలిన ఒక సాలీడు ఆకారంలోనే కాక నడకలోనూ చీమను అనుకరిస్తుంది. కరిచే ఈ చీమలను తినడానికి వెనుకాడే పక్షులు దాన్నీ వదిలేస్తాయి. చీమలా కనిపించి సాలీడులా గెంతితే ఆ వేషం నిలవదు కాబట్టి, నడకపైనా వరణం పనిచేసింది.

*జతకట్టడం.* మగ నెమలి పురి బరువు, రంగు దాన్ని పులికి తేలికగా దొరికేలా చేసినా అవి తరతరాలుగా నిలవడానికి ఆడ నెమలి ఎంపికే కారణమని డార్విన్ వాదన. ఇంగ్లండ్‌లో మేరియన్ పెట్రీ 1990లలో ఎక్కువ కన్నులున్న పురికి ఎక్కువ జతలు దొరుకుతాయని చూపింది. జపాన్‌లో 2008లో ప్రచురితమైన దీర్ఘకాలిక అధ్యయనంలో ఆ సంబంధం కనిపించలేదు. ఇప్పటికీ ఇది తేలని వాదమే.

గిజిగాడు విషయం ఇంతకంటే స్పష్టం. మగ పక్షి తాటి, ఈత, తుమ్మ చెట్లకు సగం గూడు అల్లి రెక్కలాడిస్తుంది. ఆడది వచ్చి చూసి నచ్చితేనే మిగతా సగం పూర్తవుతుంది. సలీం అలీ 1931లోనే ఈ క్రమాన్ని వివరించాడు. సుహేల్ ఖాదర్ తర్వాత చేసిన అధ్యయనంలో ఆడ పక్షులు అల్లిక కంటే గూడు ఉన్న చోటుకే ఎక్కువ విలువ ఇచ్చినట్టు తేలింది. పాములకు, కాకులకు అందని చోటు దొరికితే పిల్లలు బతుకుతాయి. మగవాడి పనితనం చూసి మురిసే ఆడ పక్షి అన్న మన ఊహ కన్నా ఇది బలమైన వివరణ.

*సంతాన పోషణ, మోసం.* కోకిల కాకి గూట్లో గుడ్డు పెడుతుంది. కాకి గూళ్ళు కట్టే కాలమే కోకిల కూసే కాలం. పరాయి గుడ్డును పట్టుకునే కాకికి లాభం, పట్టుబడని గుడ్డు పెట్టే కోకిలకు లాభం. ఈ పోటీ ఇరుపక్షాల ప్రవర్తననూ పదును పెడుతుంది. మన కోకిల పిల్ల, ఐరోపా కోకిల పిల్లలా, గూటి సొంతదారు పిల్లలను తోసేయదు. వాటితో పాటే పెరుగుతుంది.

మొసలి తన గుడ్లను కాపలా కాసి, పిల్లలు లోపలి నుంచి కూయగానే మట్టి తవ్వి నోట కరచుకుని నీటికి చేరుస్తుంది. మగ మొసళ్ళు కూడా ఈ పనిలో పాల్గొంటాయని మద్రాస్ మొసళ్ళ కేంద్రంలో 1980లలో నమోదైంది.

*గుంపు జీవనం.* రేసుకుక్కల మందలో ఎక్కువగా ఒక ఆడదే ఈనుతుంది. మిగిలినవి వేటాడి తెచ్చిన మాంసాన్ని పిల్లలకు కక్కి పెడతాయి. బందీపూర్‌లో ఎ. జె. టి. జాన్‌సింగ్ 1982లో ప్రచురించిన అధ్యయనం దీన్ని వివరించింది. మందలోనివి చాలావరకు రక్తబంధువులే. బంధువుకు కలిగే లాభాన్ని బంధుత్వ పాలుతో గుణిస్తే వచ్చేది సాయం చేసినదాని నష్టం కంటే ఎక్కువైతే ఆ సాయం నిలుస్తుందన్నదే హామిల్టన్ సూత్రం.

బంధుత్వం ఒక్కటే అన్నిటికీ సమాధానం కాదని చూపినది మన ఇళ్ళ చూరుల్లో కనిపించే ఒక కందిరీగ. బెంగళూరులోని భారతీయ విజ్ఞాన సంస్థలో రాఘవేంద్ర గడగ్కర్ బృందం దాన్ని దశాబ్దాలుగా పరిశీలించింది. రాణి పలు మగవాటితో జతకడుతుంది, రాణులు మారుతుంటాయి, కాబట్టి పనికత్తెల మధ్య బంధుత్వం అనుకున్నంత ఉండదు. అయినా అవి సొంత గూడు పెట్టుకోకుండా సాయపడతాయి. ఒంటరిగా గూడు పెట్టినది మధ్యలో చనిపోతే శ్రమంతా వృథా. గుంపులో చనిపోయినా మొదలుపెట్టిన పెంపకాన్ని మిగిలినవి కొనసాగిస్తాయి.

కొండముచ్చుల గుంపును కొత్త మగది ఆక్రమించాక పాలుతాగే పిల్లలను చంపడం ధార్వాడ్‌లో యుకిమారు సుగియామా 1960లలో గమనించాడు. రద్దీ వల్ల కలిగిన వికృతి అని చాలామంది అన్నారు. పిల్ల పోతే తల్లి త్వరగా మళ్ళీ ఎదకు వస్తుందని, అది ఆ మగదానికి లాభమని శారా హర్డీ 1977లో అబు కొండల పరిశీలనలతో వాదించింది. నేపాల్‌లోని రామ్‌నగర్‌లో డీఎన్‌ఏ పరీక్షలతో 1999లో వచ్చిన ఫలితాలు ఈ వాదాన్ని బలపరిచాయి. చంపిన మగవి చనిపోయిన పిల్లలకు తండ్రులు కావు, తర్వాత పుట్టిన పిల్లలకు తండ్రులు అవే. మనసుకు కష్టమైన విషయమే, కానీ ప్రకృతి వరణం జాతి మేలు కోసం పనిచేయదనడానికి ఇంత స్పష్టమైన సాక్ష్యం వేరే లేదు.

గోదావరి హద్దు

జంతువుల విస్తరణలో గోదావరి పాత సరిహద్దు. దక్షిణాన పొడవు తోక, తలపై టోపీలాంటి జుట్టు ఉన్న దక్షిణాది కోతి. ఉత్తరాన పొట్టి తోక, ఎర్రటి పిరుదుల రీసస్ కోతి. పడమట తపతి, తూర్పున గోదావరి వీటి మధ్య హద్దుగా చాలాకాలం గుర్తింపు పొందాయి. బూర్గంపాడు ఒకవైపు, భద్రాచలం మరోవైపు ఉన్నాయి.

రెండూ ఒకే ప్రజాతి బంధువులైనా గుంపు తీరు వేరు. రీసస్ కోతుల్లో పెద్దరికం కఠినం. చిన్నవి తిరగబడవు, దాడులు తీవ్రం, రాజీలు తక్కువ. దక్షిణాది కోతుల్లో సహనం ఎక్కువ. మగవాటి మధ్య కూడా స్నేహాలు, పేలు చూసుకోవడాలు ఉంటాయి. మేత గుట్టగా ఒకచోట దొరికే పరిస్థితిలో పోటీ పెరుగుతుందన్న సాధారణ వివరణ ఒకటి ఉంది. వంశపారంపర్యంగా వచ్చిన స్వభావమే ప్రధానమని మరికొందరు ప్రైమేట్ శాస్త్రవేత్తలు అంటారు. రెండో పక్షానికే బలం ఎక్కువ. ఒకే ఊరి చెత్తకుప్ప మీద బతికినా రెండు జాతులూ తమ తీరు వదలవు.

కొండముచ్చుల తోక ఇంకా ఆసక్తికరం. ఎం. ఎల్. రూన్‌వాల్ గుర్తించిన ప్రకారం తపతి–గోదావరి రేఖకు ఉత్తరాన ఇవి నడిచేటప్పుడు తోకను వీపు మీదుగా తల వైపు వంచుతాయి. దక్షిణాన వెనక్కి వంచుతాయి. ప్రవీణ్ కరంత్ బృందం జన్యు అధ్యయనాలు ఈ రెండు వర్గాలూ వేర్వేరు వంశాలని సమర్థించాయి. తోకను ముందుకు వంచితే బతుకుకు ఏ లాభమో వెతకడం ఇక్కడ పొరపాటు దారి. ప్రతి అలవాటూ ఒక అవసరానికి పుట్టినది కాదు. కొన్ని వంశం గుర్తులుగా మిగులుతాయి.

అధ్యయన పద్ధతులు, వివాదాలు

ప్రవర్తన లాభాన్ని కొలవడానికి మూడు మార్గాలు: ప్రయోగం, జాతుల మధ్య పోలిక, ఏళ్ళ తరబడి ఒకే గుంపును గుర్తుపట్టి లెక్కించడం. టిన్‌బెర్గెన్ నల్లతల గల్ పక్షుల గుడ్లను కొన్నిటిని పగిలిన పెంకుల పక్కన, మరికొన్నిటిని విడిగా పెట్టాడు. పెంకుల పక్కనున్నవే ఎక్కువగా కాకుల కంట పడ్డాయి. పిల్ల గుడ్డు నుంచి బయటికి వచ్చాక పక్షి పెంకును దూరంగా పారేయడానికి కారణం అలా తేలింది.

1979లో స్టీఫెన్ జే గౌల్డ్, రిచర్డ్ లెవొంటిన్ ఒక హెచ్చరిక చేశారు: ప్రతి లక్షణానికీ నమ్మదగిన కథ ఒకటి అల్లి దాన్నే అనుకూలనానికి రుజువుగా చెప్పుకోవడం శాస్త్రం కాదు. ఈ విమర్శ తర్వాత పరిశోధకులు ముందే పరికల్పన చెప్పి పరీక్షించడం పెరిగింది.

తరాల మార్పును, ఒక ప్రాణి తన జీవితంలో చేసుకునే సర్దుబాటును వేరు చేయాలి. 62 జాతుల క్షీరదాలపై వచ్చిన 76 అధ్యయనాలను కలిపి 2018లో చేసిన విశ్లేషణలో, మనుషుల దగ్గర జంతువులు రాత్రిపూట తిరగడం సగటున 1.36 రెట్లు పెరిగినట్టు తేలింది. ఇది జన్యువుల మార్పు కాదు, అప్పటికప్పుడు అలవాటు మార్చుకునే శక్తి.

ప్రాముఖ్యం

ఎలుగుబంటి బెదిరితే పారిపోకుండా మీద పడుతుంది. పులులున్న అడవిలో పరిణమించిన జంతువు కావడం, పిల్లలను వీపున మోసుకు తిరగడం దీనికి కారణాలని పరిశోధకులు ప్రతిపాదించారు. పులి ఎదుట పనికొచ్చిన ఈ తీరు, తెల్లవారుజామున ఇప్పపువ్వు ఏరే కోయ మహిళ ఎదుట ప్రాణాంతకం. ఇద్దరూ ఒకే చెట్టు కిందకు ఒకే వేళకు వస్తారు. ఒంటరిగా కాక గుంపుగా, మాట్లాడుకుంటూ, వెలుగు వచ్చాక వెళ్ళమని ఇచ్చే సూచనకు ఆధారం ఈ ప్రవర్తనే. ఎలుగును హఠాత్తుగా ఎదుర్కోకుండా ముందే వినిపించడమే అసలు రక్షణ.

పంటలపై పడే అడవిపందులూ కోతులూ ఈ కోణంలో అర్థమవుతాయి. మొక్కజొన్న చేను తక్కువ చోట ఎక్కువ పోషకాన్ని ఇచ్చే గుట్ట. కాపలా వల్ల కలిగే నష్టం ఆ లాభాన్ని మించితే తప్ప జంతువు మానదు. ఒకే రకమైన శబ్దం, ఒకే దిష్టిబొమ్మ కొద్ది రోజులకు పనిచేయకపోవడానికి కారణం కూడా అవి నేర్చుకునే శక్తే.

కోతుల విషయంలో బాధ్యత ఇంకా పెద్దది. రిషి కుమార్, సింధు రాధాకృష్ణ, అనింద్య సిన్హా 2011లో ప్రచురించిన సర్వే, రీసస్ కోతులు గోదావరి హద్దు దాటి దక్షిణాది కోతుల నేలలోకి విస్తరిస్తున్నాయని, దక్షిణాది కోతి స్థానం కోల్పోతోందని చూపింది. వంతెనలు, రోడ్లు నది అడ్డు తగ్గించాయి. గ్రామాల్లో పట్టిన కోతులను బోనుల్లో దూరం తీసుకెళ్ళి వదలడం దీన్ని వేగపరిచే అవకాశం ఉంది. దక్షిణాది కోతి ప్రపంచంలో ద్వీపకల్ప భారతంలో తప్ప ఎక్కడా సహజంగా లేదు. పట్టిన కోతి ఏ జాతిదో తోక, తల చూసి తేల్చాకే, నదికి ఏ ఒడ్డు నుంచి తెచ్చారో ఆ ఒడ్డునే వదలాలి.